గంజి పెట్టిన రికార్డు

రెండువేల ఇరవై మూడు, చలి అప్పుడే మొదలైంది. కోరుట్లలో మా రికార్డుల దుకాణం ఒక టైర్ల షాపు మీద, మొదటి అంతస్తులో ఉంటుంది. పొద్దెక్కితే గాని ఎండ లోపలికి రాదు. వచ్చాక మాత్రం గోడకు నిలబెట్టిన రికార్డు అట్టల బొమ్మల మీద మెల్లగా పాకుతుంది. ఊదా రంగు కోటు తొడుక్కున్న ఒక గాయకురాలి మీది నుంచి, బాకా పట్టుకున్న ఒక ముసలాయన మీదికి జరుగుతుంది. ఆ వేళ కింద రోడ్డు మీది హారన్లు కూడా ఎక్కడో దూరాన మోగుతున్నట్టే ఉంటాయి.

దుకాణం సత్తన్నది. దుబాయిలో ఒక హోటల్లో పనిచేసి, అక్కడ విన్న పాటల పిచ్చిని వెంట తెచ్చుకున్నాడు. మేము అమ్మేవి ఎక్కువగా జాజ్, ఫంక్, వోకల్ ఆల్బమ్‌లు, పాతవీ కొత్తగా అచ్చయినవీ. జాజ్‌లో అందరూ ఒక రాగం పట్టుకొని బయలుదేరి, తలా ఒక దారిన తిరిగి, మళ్లీ ఒకచోట కలుస్తారు. ఫంక్‌లో మందపు తీగల గిటారు ముందు నడుస్తుంది, వినేవాళ్ల కాలు ఊరుకోదు. వోకల్‌లో గొంతుదే పెత్తనం. కోరుట్లలో కొనేవాళ్లు తక్కువ. చాలావరకు హైదరాబాద్‌కో బెంగళూరుకో కొరియర్‌లో పోతాయి.

నా పని వాటిని కడగడం. అంతకుముందు బీడీలు చుట్టేదాన్ని. అక్షరాలు కూడా పెద్దయ్యాక ఈ అట్టల మీదే కూడబలుక్కున్నాను. రికార్డు మీద కంటికి ఆననంత సన్నటి గాడి ఉంటుంది, దాన్ని గ్రూవ్ అంటారు. పాటంతా దాంట్లోనే ఉంటుంది. అందులో దుమ్ము చేరితే సూది తడబడుతుంది.

ఆ చలికాలం, ముంబైలో ఒక చిన్న కంపెనీ పాత ఆల్బమ్ ఒకదాన్ని రీఇష్యూ చేయాలనుకుంది. అంటే ఎప్పుడో ఆగిపోయిన రికార్డును మళ్లీ అచ్చువేయడం. స్టూడియోలో మొదట నింపిన మాస్టర్ టేపు వాళ్లకు దొరికింది కాని, చివరి పాట ఉన్న చోట బూజు తినేసింది. ఆ పాట పాడినాయన సిరిసిల్ల మనిషి, పేరు నారాయణ. వయసులో ఉన్నప్పుడు బొంబాయి మిల్లులో పనిచేస్తూ, సాయంత్రాలు ఒక హోటల్ బ్యాండుతో కలిసి పాడేవాడట. పాత రికార్డు మంచిది దొరికితే దాన్నుంచి పాట ఎక్కించుకుంటామని, లేకపోతే ఆ పాట వదిలేసి ఆల్బమ్ తెస్తామని కంపెనీ ఆయన సత్తన్నకు ఫోన్ చేశాడు.

సత్తన్న సిరిసిల్లలో తెలిసినవాళ్లందరినీ అడిగాడు. నారాయణ చనిపోయి కొన్నేళ్లయింది. ఆయన భార్య రాజవ్వ దగ్గర ఒక రికార్డు ఉందని తెలిసింది.

ఆమె దాన్ని కొత్త టువ్వాలలో చుట్టి, ఒడిలో పెట్టుకొని బస్సులో వచ్చింది. నేను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. గ్రూవ్ కనిపించలేదు. రికార్డంతా తెల్లటి పొర కట్టి ఉంది.

“దీనికి ఏం పూసినవక్కా?”

“గంజి.”

సత్తన్న నవ్వబోయి ఆగాడు.

“నవ్వుతవేంది తమ్మీ? నూలుకు గంజి పెట్టకుంటె మగ్గం మీద నిలుస్తదా? దీని మీద గింత సన్నటి పోగులున్నయి. తెగుతయేమోనని, ఏటేటా పెద్దల పెత్రమాసకు ఆయన పేరు మీద బియ్యమిచ్చినంక దీన్ని తీసి గంజి పెట్టి నీడకు ఆరబెడుతున్న.”

“ఎన్నడన్న పెట్టి విన్నవా?”

“మా ఇంట్ల పాటల పెట్టె యాడిది? బొంబాయిల ఆయనకు ఇచ్చిర్రట. గప్పటికి మా లగ్గమే కాలె. నేను చూసుడే గని ఇన్నది లేదు.”

మేము వాడే క్లీనింగ్ లిక్విడ్‌లో స్పిరిట్ ఉంటుంది. అది తగిలితే గంజి ఇంకా బిగుస్తుంది. వేడినీళ్లకు గంజి వదులుతుంది కాని రికార్డు వంగిపోతుంది. బ్రష్‌తో రుద్దితే పొర గ్రూవ్‌లోకే దిగుతుంది. ఉన్నది ఒక్కటే రికార్డు. ఆమె దగ్గర దాచి లాభం లేదు.

“అక్కా, నా చేతుల ఇది ఖరాబైతే మళ్ల తేలేం. ఇంటికి కొండవోయి దేవునర్రల పెట్టుకుంటనంటె, గిట్లనే చుట్టి ఇస్త.”

ఆమె గోడ మీది అట్టలను ఒక్కొక్కటిగా చూసింది.

“కనవడుడు ఫొటోల గూడ కనవడ్తడు చెల్లె. ఒక్కసారి ఇనవడాలె” అంది. నా చేతిలోని బ్రష్ చూసి, “రుద్దుడెందుకు? మా దగ్గర అద్దకం కాడ గుడ్డకున్న గంజి తీసెతందుకు ఒక పొడి ఏస్తరు. గోరెచ్చటి నీళ్లల్ల నానవెడితె గంజి దానంతలదే ఇడుస్తది. పోగుకేం గాదు” అంది.

దాన్ని డీసైజింగ్ అంటారని సత్తన్న ఫోన్‌లో వెతికి చెప్పాడు. ఆ పొడి గంజిని మాత్రమే కరిగిస్తుందట. మరోసారి వచ్చినప్పుడు ఆమె చిన్న పొట్లం తెచ్చింది. నేను ముందు గీతలు పడి పనికిరాని రికార్డు ఒకదానికి గంజి పూసి, ఆరబెట్టి, ఆ నీళ్లలో నానబెట్టి చూశాను. పొర పోయింది. సూది పెడితే పాట ఎప్పటిలాగే వచ్చింది. అప్పుడు గాని అసలుదాని మీద చెయ్యి వేయలేదు.

నడుమ ఉండే కాగితం తడవకుండా రెండు మూతలు బిగించాను. పసిపిల్ల స్నానానికి చూసినట్టు మోచేత్తో నీళ్ల వేడి చూసి, రికార్డును వెడల్పాటి ట్రేలో పడుకోబెట్టాను. సత్తన్న కొత్తగా వచ్చిన వోకల్ ఆల్బమ్ ఒకటి సన్నగా పెట్టాడు. తెలియని భాషలో ఎవరో ఆడమనిషి నిద్రపుచ్చుతున్నట్టు పాడుతోంది. ఎండ ట్రేలోకి వచ్చింది. నీళ్లు కొద్దికొద్దిగా పాలరంగుకు తిరిగాయి. తెల్లటి తెరలు లేచి, కదిలి, విడిపోతున్నాయి. వాటి కింద నలుపు మెరిసింది. నేను ఉండబట్టలేక చెయ్యి ముంచబోతే రాజవ్వ పట్టుకుంది.

“రానియ్యి చెల్లె. ఏం తొందరున్నది?”

కడిగి, ఆరాక, సత్తన్న ఆ ఆల్బమ్ ఆపి దీన్ని పెట్టాడు. చివరి పాట మీద సూది దిగింది. కాసేపు చిటపటలు. వాటిలోంచి గిటారు, డ్రమ్ము, బాకాలు. ఆ తర్వాత మాటలు లేని గొంతు ఒకటి, ఉట్టి రాగమే తీస్తూ వచ్చింది. లేతగా ఉంది.

“ఎవరు చెల్లె గీ పిలగాడు?”

“మీ ఆయననే అక్కా.”

ఆమె కాదన్నట్టు తల ఊపింది. స్పీకరు పక్కకు జరిగి చెవి పెట్టింది. రాగం ఒక మలుపు తిరిగి పైకి ఎక్కుతుంటే గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

“ఇగ గీడ ఆగుతది” అంది.

ఆగలేదు. గొంతు ఇంకా పైకి పోయి, అక్కడే కాసేపు తేలి, ఒక్కో మెట్టే దిగి వచ్చి, బాకాల్లో కలిసిపోయింది. సూది చివరి గాడిలో తిరుగుతూ ఉండిపోయినా ఎవరం లేవలేదు.

“బొంబాయి నుంచి అచ్చినంక ఆయన మగ్గం కాడ గిదే రాగం తీసేది” అంది రాజవ్వ. “గా మలుపు కాడికి అచ్చెవరకు దగ్గు అందుకునేది. దూది దుమ్ము గద, ఊపిరి నిలువకపోయేది. పాట గంతవరకే ఉంటదనుకున్న నేను.”

సత్తన్న పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపాడు. కంపెనీ ఆయనకు నచ్చింది. మిగిలిన చిటపటలు తీసేస్తామని, రాగం ఎత్తుకునే ముందు గాయకుడు గట్టిగా ఊపిరి పీల్చే చప్పుడు కూడా తీసి శుభ్రం చేస్తామని అన్నాడు. సత్తన్న ఆ సంగతి రాజవ్వకు ఫోన్‌లో చెప్పాడు.

“చిటపటలు తీసుకోమను తమ్మీ. ఊపిరి ముట్టద్దను” అందామె.

వానలు పడేనాటికి ఆల్బమ్ వచ్చింది. చివరి పాట ఉంది, ఊపిరితో సహా.

అప్పటి నుంచి నా పని తీరు మారింది. ఎవరు రికార్డు తెచ్చినా, నీళ్లు కాచే ముందు వాళ్లకు కుర్చీ వేస్తాను. ఇది ఎవరిది, ఇంట్లో ఎట్లా దాచారు అని అడుగుతాను. రాయికల్ నుంచి వచ్చినాయన ఒకరు పురుగు పట్టొద్దని పసుపు చల్లి పెట్టాడు. జగిత్యాల ఆమె ఒకరు మెరుపు పోవద్దని కొబ్బరినూనె రాసింది. నాకు మురికిగా కనిపించినదంతా వాళ్లు పడ్డ జాగ్రత్తే. వాళ్ల చెయ్యి దాని మీద ఎట్లా తిరిగిందో తెలిస్తే, నా చెయ్యి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.