తాత రక్తం ఎవరికొచ్చింది

మా తాత విజయనగరం వైపు పేరున్న వస్తాదు. ఆయన్ని నేను చూడలేదు గానీ, భిలాయి సెక్టర్ 6లోని మా కంపెనీ క్వార్టర్‌లో ఆయన మాట లేకుండా పూట గడిచేది కాదు. ఉక్కు ప్లాంటులో ఫిట్టరైన మా నాన్నకు ఒకటే నమ్మకం: ఆ బలం రక్తంలో ఉంది, తిన్నగా మా అన్నయ్యకే దిగింది. అందుకని రోజూ రెండు గుడ్లు, గ్లాసుడు పాలు వాడికి. నాకు చద్దన్నం. వాడు బరువులెత్తేవాడు, అంటే ఎత్తబోయి మానేసేవాడు.

నాన్నకు మధ్యాహ్నం షిఫ్టు పడితే, బడి నుంచి రాగానే కేరియర్ ప్లాంటు గేటు దాకా చేర్చడం నా పని. సైకిలు అన్నయ్యది కాబట్టి నేను పరిగెత్తేదాన్ని. పులుసు ఒలికితే తిట్లు, ఆలస్యమైతే ఇంకా తిట్లు.

డెబ్భైల చివర్లో, తొమ్మిదో తరగతిలో ఉండగా, బడి పోటీల్లో ఎనిమిది వందల మీటర్లు గెలిచాను. డ్రిల్లు మాస్టారు స్వయంగా ఇంటికొచ్చి, "లడ్కీ మే దమ్ హై", పిల్లలో సత్తా ఉంది అని, దుర్గ్‌లో జిల్లా సెలక్షన్ల ఫారం ఇచ్చి వెళ్లారు. నాన్న సంతకం ఒక్కటే కావాలి. ఆ రాత్రే ఫారం నాన్న ముందు పెట్టాను.

"నీది రక్తం కాదే గుంటా, అలవాటు," అన్నాడు నాన్న. "కేరియర్ తెచ్చి తెచ్చి కాళ్లు అలవాటు పడ్డాయి. మానేస్తే పోద్ది. మీ అన్నయ్యది రక్తం. అది పోదు."

నాకు ఒళ్లు మండిపోయింది. గెలిచినదానిది అలవాటట, ఎత్తలేనివాడిది రక్తమట! మూడుసార్లు అడిగాను. అమ్మతో మొత్తుకుంటే, "ఏటి సేస్తాం, మీ నాన్న అంతే," అంది. ఫారం రేడియో కింద అలాగే ఉండిపోయింది.

అన్నయ్య బరువులెత్తే పోటీ ఫారం మీద మాత్రం ఎప్పుడో సంతకమైంది. సెలక్షన్ల రోజు నాన్న సెలవు పెట్టి వాణ్ణి దుర్గ్ తీసుకెళ్లాడు. తువ్వాలూ సంచీ పట్టుకోడానికి నన్నూ రమ్మన్నాడు. బడి పరుగులో నా వెనక వచ్చిన అమ్మాయి అక్కడ రెండో స్థానంలో వచ్చి సెలెక్టయింది. నేను సంచి పట్టుకుని చూశాను. అన్నయ్య చేతిలో కడ్డీ మూడుసార్లూ మోకాళ్లు దాటలేదు.

తిరుగు బస్సులో వాడు తల వంచుకుని కూర్చుంటే నాన్న వీపు నిమిరాడు. "బెంగెట్టుకోకురా. మీ తాత రక్తం ఎక్కడికి పోద్ది? నీకు రాకపోతే నీ కొడుక్కి వస్తాది."

ఎదురు సీట్లో నేను, ఆ తాతకు అప్పటికే పుట్టిన మనవరాలిని, వాడి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నాను.