పెద్దమ్మకు గడి లేదు

ఆ పిల్ల ఫైలు చదువుతూ గట్టిగా నవ్వేశాను. నాకు శిక్షణ ఇస్తున్నావిడ, అంటే ఆ స్కూలు సైకాలజిస్టు, కళ్ళజోడు కిందికి దించి నా వంక చూసింది. ఆరేళ్ళ పిల్లకి మందబుద్ధి అని రాసిన కాగితం చూసి నవ్వే మనిషిని తనెప్పుడూ చూడలేదట. నిజమే, నేనూ చూడలేదు. కాని ఆవిడ రాసింది ఇదీ: "తల్లి ఎవరో ఈ బాలిక స్పష్టంగా చెప్పలేకపోతున్నది. పెద్ద మమ్మీ, చిన్న మమ్మీ, మమ్మీ అని తనకు ముగ్గురు తల్లులున్నారంటుంది. పెద్ద మమ్మీ గురించి అడిగితే ఇండియాలో ఉందని ఏడుస్తుంది. ఊహకీ వాస్తవానికీ తేడా తెలియడం లేదు."

పెద్దమ్మ, చిన్నమ్మ, అమ్మ. అంతే సంగతి. పాపం ఆ పిల్ల తన చేతనైనంత శ్రద్ధగా తర్జుమా చేసి చెప్పింది.

అది ఎనభైల మొదట్లో, డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళలో ఒకటి. విశాఖలో ఎం.ఏ. చేసి, స్కూలు పిల్లల మనస్తత్వశాస్త్రంలో పై చదువుకని వచ్చాను. వారానికి మూడు రోజులు మంచులో బస్సు పట్టుకుని ఈ స్కూలుకి వచ్చి, పిల్లలకి పరీక్షలు పెట్టడం నేర్చుకునేదాన్ని. మనవాళ్ళ ఇళ్ళలో భోజనాలకి వెళ్తే అందరిదీ ఒకటే ప్రశ్న. "సైకాలజీనా? అంటే పిచ్చాసుపత్రిలో ఉద్యోగమామ్మా?" కార్ల కంపెనీలో ఇంజనీరు ఒకాయన నా మీద జాలిపడి, "కంప్యూటర్స్‌లోకి మారిపోమ్మా, ఇంకా టైముంది" అన్నాడు. "మీ పిల్లల్ని ఎవరు చూస్తారండీ మరి?" అన్నాను. ఆ ఇంటికి మళ్ళీ పిలుపు రాలేదు.

పెద్దమ్మ అంటే ఏమిటో నా పై ఆవిడకి, అంటే ఆ సైకాలజిస్టుకి, వివరంగా చెప్పాను. తల్లి అక్క అని, ఈ పిల్ల తల్లిదండ్రులు ఇక్కడ కుదురుకునేవరకు అయిదేళ్ళు ఆవిడే గుంటూరులో పెంచిందని, పిల్ల ఇక్కడికి వచ్చి ఏడాదే అయిందని. ఆవిడ ఓపిగ్గా విని, "అలాగైతే ఆంటీ అని చెప్పి ఉండాల్సింది" అంది.

"ఆంటీ అంటే మాకు పక్కింటావిడ కూడా ఆంటీయే" అన్నాను.

"మార్కులు వేసే జవాబుల పుస్తకంలో పెద్దమ్మకు గడి లేదు" అంది.

మర్నాడు ఆ పిల్లని నా గదికి తెచ్చుకుని తలుపు మూసి, "ఏమే, అన్నం తిన్నావా?" అని అడిగాను. కుర్చీలో ముడుచుకు కూర్చున్నది కాస్తా కాళ్ళు ఊపడం మొదలుపెట్టింది. ఏడాదిగా ఆ స్కూల్లో దానికి తెలుగు వినపడటం అదే మొదటిసారి. పెద్దమ్మ కేసెట్టు పంపింది తెలుసా అంది. అందులో కాకి కథ ఉందట. చెప్పమంటే చెప్పింది. కథ మధ్యలో గొంతు మార్చి, "ఉండవయ్యా, గిన్నె తెస్తున్నా, ఇవ్వాళ అరలీటరు చాలు" అని, తర్వాత కుక్కరు కూత మూడుసార్లు వేసి, మళ్ళీ కాకి దగ్గరికొచ్చింది. కేసెట్టులో పాలవాడు వచ్చినంతసేపూ అది కూడా ఆగింది. ఒక్క మాట పొల్లుపోలేదు. ఇంత జ్ఞాపకశక్తి ఉన్న పిల్లకి మందబుద్ధి!

పరుగున వెళ్ళి చెప్పాను. "తెలుగులో చేసినది లెక్కలోకి రాదు, ఆ పరీక్షకి ప్రమాణాలు లేవు" అంది ఆవిడ. ఇంకొకటి కూడా అంది, మెత్తగా. "నువ్వు ఆ కుటుంబానికి మరీ దగ్గరవుతున్నావేమో, జాగ్రత్త." నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ వీధిలో పిల్లల్ని ఆవిడ పరీక్షిస్తే దాని పేరు శాస్త్రం. నా భాష పిల్లని నేను పరీక్షిస్తే దగ్గరవడం! అనుకుని ఊరుకోలేదు, పైకే అన్నాను. నా మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయని తెలిసే అన్నాను.

ఆ వారమే పిల్ల తండ్రి నన్ను స్కూలు కారు పార్కింగ్‌లో పట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏమ్మా, మనవాళ్ళమ్మాయివి. పేపరు నీ చేతిలోనే ఉందటగా. ఓ అయిదారు మార్కులు అటూ ఇటూ చూసి వెయ్యలేవూ?"

"ఇది ఎంట్రన్సు కాదండీ."

"నాకు తెలీదా? నేను యూనివర్సిటీలో ఫస్టుక్లాసు. మా ఇంట్లో ఇలాంటి బ్రెయిన్ లేదు. మనవాళ్ళెవరికీ చెప్పకు. రేపు దానికి సంబంధాలు చూడొద్దూ?"

పిల్లకి ఆరేళ్ళు! "ముందు పాలపళ్ళు ఊడనివ్వండి" అన్నాను.

పిల్లని ఏ క్లాసులో వెయ్యాలో నిర్ణయించే మీటింగు ఒకటో క్లాసు గదిలో పెట్టారు. ఆ తల్లీ తండ్రీ పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. తల్లికి చీర మీద ఓవర్‌కోటు, చీర అంచు మంచులో తడిసి బరువుగా వేలాడుతోంది. టీచరు, పై ఆవిడ, ప్రిన్సిపాలు పెద్ద కుర్చీల్లో. ఎదురుగా పిల్ల వేసిన బొమ్మ: ముగ్గురు ఆడవాళ్ళు, అందరికంటే పెద్దగా గీసింది పెద్దమ్మని. పెద్దమ్మ కదా మరి, పెద్దగానే ఉండాలి.

గంటసేపు వాదించాను. కేసెట్టు గురించి, పాలవాడి గురించి, చుట్టరికాల గురించి. మందబుద్ధి పిల్లల క్లాసులో వేస్తే ఆ పిల్ల మళ్ళీ అందులోంచి బయటికి రాదని, అలా ఎవరూ రావడం నేను చూడలేదని అన్నాను. చివరికి పై ఆవిడ ఫైలు మూసి, సరే, మామూలు క్లాసులోనే ఆరు నెలలు చూద్దాం అంది. నేను గెలిచాననుకున్నాను. కాని ఒక షరతు ఉంది. ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడాలి. రెండు భాషలే పిల్లని గందరగోళపెడుతున్నాయి కనక ఆ కేసెట్టు కూడా ఆపెయ్యాలి. ఆ కేసెట్టు సంగతి ఆవిడ చెవిన వేసింది నేనే.

ఆవిడ మాట పూర్తికాకుండానే తండ్రి, "ష్యూర్, ష్యూర్, నో ప్రాబ్లం" అన్నాడు.

తల్లి నా వైపు చూసింది. "ఏమంటున్నారండీ?"

మొగుడు అప్పటికే సంతకానికి పెన్ను తీస్తున్నాడు. నేనే చెప్పాను. ఇకనుంచి ఇంట్లో తెలుగు వద్దంటున్నారని తెలుగులో చెప్పాను. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషల్లా కమ్, సిట్, ఈట్.

"మరి దాంతో నేనేం మాట్లాడనండీ?" అంది.

నాకంటే పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళని అడగాల్సిన ప్రశ్న అది. తర్జుమా చేసి అడగాల్సింది. అడగలేదు. మళ్ళీ నోరు తెరిస్తే ఆ ఆరు నెలలు కూడా పోతాయని భయపడ్డాను. ఇన్నాళ్ళూ ఆ మాటే నాకు నేను చెప్పుకుంటున్నాను. ఒప్పందం కాగితం మీద తల్లిదండ్రుల సంతకాల కింద నా సంతకం కూడా పెట్టాను. ఆ టర్ములో నాకు 'ఎ' గ్రేడు వచ్చింది.

ఏడాది తర్వాత ఎవరింట్లోనో ఉగాది భోజనాల దగ్గర వాళ్ళు కనిపించారు. పిల్ల పొడుగైంది. నన్ను చూసి, "హాయ్ ఆంటీ" అంది.

"మీ పెద్దమ్మ ఎలా ఉందే?" అన్నాను.

అర్థం చేసుకోవడానికి ఒక క్షణం పట్టింది. "ఓ, మై మామ్స్ సిస్టర్? షీజ్ ఫైన్" అంది.

తప్పులేని జవాబు. పుస్తకంలో దానికి గడి ఉంది. వెనకాల తల్లి పళ్ళెం పట్టుకుని, "కమ్, ఈట్" అంటోంది. పిల్ల తిరిగి చూడకుండానే, "ఐ నో, మామ్" అంది. ఆవిడ నా వంక చూడలేదు. చూసి ఉంటే నేనేమనేదాన్నో నాకిప్పటికీ తెలియదు.