చాయ్ తాగని మనిషి

డెబ్బైల్లో నేను శేరిలింగంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టును. చిన్నప్పుడే పోలియో వచ్చింది. చంక కర్రల మీద నడిచేవాణ్ని. ఆఫీసు మరుగుదొడ్డి పెరట్లో, ఎత్తైన మెట్ల మీద ఉండేది. పెద్ద గుమాస్తాకు చెబితే "జర ఓపిక పట్టు, పైకి రాసినం" అన్నాడు. ఓపిక నాకుంటే సరిపోదు, ఒంటికీ ఉండాలి. అందుకే పొద్దున లేచింది మొదలు సాయంత్రం ఇల్లు చేరేదాకా నీళ్లు, చాయ్ ముట్టడం మానేశాను.

ఒక ఎండాకాలం ఆఫీసరు స్కూటరును వరండాలో నీడకు ఎక్కించడానికి మేస్త్రీ వచ్చి ముందు మెట్ల మీద సిమెంటు వాలు కట్టాడు. పెరట్లో కూడా కట్టమని అడిగితే సిమెంటు అయిపోయిందన్నారు.

మా దగ్గర చాయ్ వద్దంటే మనిషిని వద్దన్నట్టే. మొదట్లో నాకు పొగరనుకున్నారు. బదిలీ అయి వెళ్లేనాడు దండ వేసి, పెద్ద గుమాస్తా అందరి ముందు చెప్పాడు: "ఇన్నేండ్లల్ల ఈయన కుర్చీలకెంచి లేవంగ చూడలే. చాయ్ సుత ముట్టడు. పనంటే గంత పానం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో చాయ్ గ్లాసు చేతికిచ్చి, "ఇయ్యాలన్న తాగు" అన్నారు. సభ ఇంకా సగం కూడా కాలేదు. ఇల్లు కొండాపూర్ అవతల. గ్లాసు పక్కన పెట్టాను.