మసి అంటిన బుగ్గ

టీజ్, ఎనాయ్, ప్రొవోక్ మూడూ మనుషుల్ని ఏడిపించడమే కదా, మళ్లీ మూడు మాటలెందుకమ్మమ్మా అని నిన్న మా మనవరాలు అడిగింది. పోటీపరీక్షకు చదువుతోంది. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని కనుక ఆటపట్టించడం, విసిగించడం, రెచ్చగొట్టడం అని అర్థాలు చెప్పేశాను గానీ, మనసు మాత్రం మా అక్క పెళ్లినాటి విందు మీదకు పోయింది.

అప్పట్లో ఉద్దానంలోని మా చుట్టాల ఇళ్లలో ఒక సరదా ఉండేది. పెళ్లికొడుకు విస్తరి ముందు కాల్చిన జీడిపిక్కలు పోసి, పప్పు విరక్కుండా తీస్తే తప్ప పాయసం వడ్డించేవారు కాదు. జీడితోటలున్న ఇంటివాళ్లు చేతులకు బూడిద రాసుకుని ఇట్టే తీసేసేవారు. టెక్కలి వైపు వరి పండించే ఊరివాడైన మా బావకి పప్పు తినడమే తెలుసు. ఒక్క పప్పూ సరిగ్గా రాలేదు, చేతులు రెండూ నల్లబడ్డాయి, అందరం పకపకా నవ్వాం. అంతటితో ఆగితే బాగుండేది. మా పిన్ని కూతురు వదలకుండా పప్పు తీయడం రాదన్న మాటే తిప్పి తిప్పి అంటూ, చివరికి "మీ ఊళ్లో మగోళ్లకి పనీపాటా నేర్పరేటి బావా?" అనేసింది.

పెళ్లికొడుకు తండ్రి విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డారు. "మా ఊరినే అంతారేటి? లెగండర్రా, ఈ సమ్మంధం మనకొద్దు!" అన్నారు. తాళి కట్టాల్సింది ఆ రాత్రే. మా నాన్న చేతులు జోడించి అడ్డంగా నిలబడ్డారు, తలుపు వెనక అక్క ముఖం పాలిపోయింది.

బావ మాత్రం లేవలేదు. పక్కనే ఉన్న నన్ను దగ్గరకు లాగి, ఆ మసి చెయ్యి నా బుగ్గకి శుభ్రంగా రాసేసి, "సెల్లుకి సెల్లు నాన్నా, కూకోండి. పాయసం ఎయ్యండర్రా" అన్నాడు. ముందు ఆడవాళ్లు నవ్వారు, ఆఖరున ఆ పెద్దాయనా నవ్వి కూర్చున్నారు.

ఆనాటి నుంచి బావకి నేను మసిబుగ్గనే. నా పిల్లల ముందు, చివరికి బళ్లో నా విద్యార్థుల ముందు కూడా "ఏటే మసిబుగ్గా, మసి వదిలిందా?" అనేవాడు. ఒళ్లు మండిపోయేది.

ఇప్పుడు పలాసలో పిక్కలు యంత్రాలే కొడుతున్నాయి. మొన్న కాశీబుగ్గలో ఒక పెళ్లికి వెళితే, మరదళ్లు పెళ్లికొడుకు పక్కన ఫోటోకి నిలబడి, మర్యాదగా నవ్వి దిగిపోయారు. బావ పోయి రెండేళ్లవుతోంది. నన్ను అందరూ మేడమనో అమ్మమ్మనో గౌరవంగానే పిలుస్తున్నారు. విసుక్కుందామంటే మసిబుగ్గా అనేవాడే లేడు.