జక్కమ్మ కోవిల్‌పట్టి చిరునామా

2023 సెప్టెంబరులో జరిగిన సంగతి ఇది. అప్పటికి చాలా ఏళ్ళుగా నేను తమిళనాడులోని కోవిల్‌పట్టిలో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా పని చేస్తున్నాను. చిన్న వ్యాపారుల తరఫున పన్ను రిటర్నులు వెయ్యడం, రిజిస్ట్రేషన్లు తీసుకోవడం, నోటీసులకు జవాబులు రాయడం నా పని. బస్టాండు దగ్గర ఒక మందుల షాపు పైన నా గది. వచ్చేవాళ్ళలో కడలె మిఠాయి, అంటే వేరుశెనగ పాకం అచ్చులు చేసేవాళ్ళు, అగ్గిపెట్టెల వాళ్ళు, ఒట్టపిడారం వైపు నుంచి పచారీ కొట్లవాళ్ళు ఉంటారు. సగం మందికి ఇంట్లో తెలుగే. మెట్ల మీద తమిళంలో మాట్లాడుతూ ఎక్కి, నా ఎదురుగా కూర్చున్నాక తెలుగులోకి వస్తారు.

చిరునామా మార్పును మా వృత్తిలో ఎవరూ పెద్ద పనిగా చూడరు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ప్రిన్సిపల్ ప్లేస్ ఆఫ్ బిజినెస్ అని ఒకటి ఉంటుంది. వ్యాపారానికి అసలు చోటు అన్నమాట. అది మారితే పదిహేను రోజుల్లో చెప్పాలి. కొత్త చోటి కరెంటు బిల్లు, ఇంటి యజమాని సమ్మతి పత్రం, రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరు ఉంటే చాలు. చాలామందికి ఆరు నెలల తరవాతగాని గుర్తుకు రాదు.

ఆ రోజు మిఠాయి చేసే గురుసామి మెట్లెక్కి వచ్చి కూర్చోకుండానే మాట్లాడాడు.

"శివకాశి మొదలాళి ఫోన్ చేసినాడన్నా. మీ జీఎస్టీ నంబర్ సస్పెండ్ అని చూపిస్తా ఉండాది, సరుకు పంపొద్దు అంటాడు. మేమేమన్నా దొంగతనం చేస్తిమా?"

శివకాశి మొదలాళి వాళ్ళ సరుకు కొనే పెద్ద షావుకారు. సస్పెండ్ అయిన నంబరు మీద సరుకు అమ్మకూడదు. పెద్ద కొనుగోలుదారుల అకౌంటెంట్లు ముందు ఆ నంబరునే చూస్తారు. నేను పోర్టల్ తెరిచాను. తనిఖీకి వచ్చిన అధికారికి కోవిల్‌పట్టి ఇల్లు తాళం వేసి కనబడింది. ఖాళీ చేసి పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో ఏడు పనిదినాల్లో చెప్పమని నోటీసు. అందులో సగం అప్పటికే గడిచిపోయాయి.

"ఫోనుకు మెసేజ్ రాలేదా?"

"ఆ నంబర్ సీనిది. ఫోన్ వాళ్ళమ్మ కాడ ఉండాది. దినమూ ఛార్జ్ పెట్తాది. తెరిసి చూడదు."

సీని గురుసామికీ అతని భార్యకూ ఒక్కగానొక్క కొడుకు. రిజిస్ట్రేషన్ తల్లి జక్కమ్మ పేరున ఉన్నా నాతో మాట్లాడేది, బిల్లులు పంపేది అతనే. ఆ ఫిబ్రవరిలో సాత్తూరు దాటాక లారీ గుద్ది పోయాడు. వాళ్ళు ఊరు మారిన సంగతి నాకు తెలియదు.

"ఆ ముందర గదిలోనే గదా వాన్ని పడుకోబెట్టింది. వాకిలి దాటి లోపలికి పోయేకి నా కాలు ఆడదన్నా," అన్నాడు గురుసామి. "రెండు నెలలు తిన్నెమీదనే పండుకుంటి. మళ్ళ ఒక దినం పొయ్యి, చట్టి, అచ్చులు అన్నీ బండిలో ఏసుకోని విరుదునగర్‌లో బామ్మర్ది గోడౌన్‌కు పోతిమి."

మర్నాడు నేనే విరుదునగర్ వెళ్ళాను. మిరపకాయల గోడౌన్‌లో ఒక వైపు ఖాళీ చేసి వీళ్ళకు ఇచ్చారు. గొంతు మండే ఘాటు. పాకం కాచే పొయ్యి చల్లగా ఉంది. పనివాళ్ళు అయిదుగురు ఆడవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చున్నారు. సరుకు కదిలితేనే వాళ్ళకు కూలి. జక్కమ్మ వేరుశెనగల పొట్టు చెరుగుతోంది. ఆ శెనగలకు ఆర్డరు లేదు.

నేను విషయం చెప్పాను. ఈ గోడౌన్ చిరునామాకు మారుస్తున్నామని నోటీసుకు జవాబు రాస్తే సరిపోతుంది. మీ ఫోనుకు వచ్చే నంబరు చెప్పండి చాలు అన్నాను.

"మేము మారలేదే," అంది జక్కమ్మ.

"మారకుంటే ఈడ కూసోని ఏం చేస్తా ఉండావు?" అన్నాడు గురుసామి.

"నువ్వు తెచ్చినావు. నేను రాలేదు. ఈడ పాలు కాంచలేదు."

మా కుటుంబాల్లో కొత్త చోటికి పోతే ముందు పాలు పొంగించాలి. అప్పుడే అది ఇల్లు. చావు జరిగిన ఇంటివాళ్ళు ఏడాది తిరిగేవరకు ఆ పని చేయకూడదు. అసలు ఇల్లే మారకూడదు. మారవలసి వస్తే చుట్టాలింట్లో ఉన్నట్టే లెక్క. జక్కమ్మ చెప్పినదాంట్లో తప్పు లేదు. గురుసామికీ అది తెలుసు. అందుకే ఇన్నాళ్ళైనా చిరునామా మాట వాళ్ళిద్దరూ ఎత్తలేదు.

గోడ దగ్గర కూర్చున్న ముసలామె కాళ్ళు ముడుచుకుంటూ అంది, "పాలు కాంచకుంటే ఏమక్కా, ఇన్ని నెలలుగా దినమూ పాకం కాంచేది ఈడనే గదా. అది పొంగలేదా?"

మిగతావాళ్ళు నవ్వారు. జక్కమ్మ నవ్వలేదు.

"పాకం అమ్మేకి కాంచేది. పాలు ఉండేకి కాంచేది."

నేను నా పద్ధతిలో చెప్పి చూశాను. ఇది కాపురం ఉండే చోటని రాయడం లేదు, పని జరిగే చోటని మాత్రమే అన్నాను.

"అది ఉండనీన్నా. ఆ కాగితంలో కోవిల్‌పట్టి కొట్టేస్తావా, లేదా?"

"కొట్టేయాలి."

"అయితే నంబర్ చెప్పను."

గురుసామి గొంతు పెంచాడు. "నువ్వు చెప్పకుంటే ఈ అయిదుమంది ఏం తినేది? నువ్వు పెడతావా? చచ్చినోడు ఒకడు. బతికినోళ్ళందరినీ వాని ఎనకాల పంపిస్తావా?"

ఆమె చేట కింద పెట్టి నా వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఏడాది తిరిగెనా అన్నా?"

నా భార్య పోయిన సంగతి ఆమెకు సీని చెప్పి ఉంటాడు. తిరిగిందమ్మా అన్నాను. ఆమె తల ఊపింది. ఆ తరవాత మా మాట మెత్తబడింది.

ఇంకో దారి ఉందని నాకు మొదటినుంచీ తెలుసు. అసలు చోటు కోవిల్‌పట్టిగానే ఉంచి విరుదునగర్‌ను అడిషనల్ ప్లేస్‌గా, అంటే రెండో చోటుగా చేర్చవచ్చు. చాలామంది కాగితం మీద అలా చేసి ఊరుకుంటారు. తాళం వేసిన ఇంటిని అసలు చోటని రాస్తే అది అబద్ధం. నేను రాయను. ఆ మాటే చెప్పాను.

"తాళం తీస్తే?" అంది జక్కమ్మ.

"తీస్తే చాలదమ్మా. లెక్కల పుస్తకాలు, బిల్లులు అక్కడ ఉండాలి. పని అక్కడ నిజంగా జరగాలి. ఆఫీసర్లు ఏ రోజు వచ్చినా తలుపు తెరిచి ఉండాలి."

"పాకం ఈడ కాంచనీ. పొట్లం కట్టేది, బిల్లు ఏసేది ఆడ చేస్తా. అప్పుడు అబద్దం కాదే?"

"కాదు."

"ఎవురు పోయేది?" అన్నాడు గురుసామి.

"నేనే పోతా. నిన్ను పిలవలే."

మర్నాడు పొద్దున్నే కోవిల్‌పట్టి ఇంటి దగ్గర ఇద్దరినీ కలిశాను. గురుసామి మిఠాయి మూటలు వీధి మలుపు వరకు మోసుకొచ్చి అక్కడే దించేశాడు. అక్కడినుంచి ఆమే ఒక్కొక్కటిగా లోపలికి తీసుకుపోయింది. ముందు గది ఊడ్చింది. నేను బల్ల వెనకగదిలో వేసుకోవచ్చు అన్నాను. ఆమె వినిపించుకోలేదు. కొడుకును పడుకోబెట్టిన చోటనే చాప పరిచి, వాకిలి వైపు మొహం పెట్టి కూర్చుని పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. నేను పోర్టల్‌లో విరుదునగర్‌ను రెండో చోటుగా చేర్చాక ఓటీపీతో సీని ఫోను మోగింది. నంబరు ఒక్కొక్క అంకె చదివి చెప్పింది.

జవాబులో జరిగింది జరిగినట్టు రాశాను. మరణం వల్ల కొన్ని నెలలు తలుపు మూసి ఉంది. తయారీ విరుదునగర్‌లో, లెక్కలూ అమ్మకాలూ ఇక్కడ. అధికారి మళ్ళీ వచ్చింది. చిన్న వయసు అమ్మాయి, మర్యాదస్తురాలు. పుస్తకాలు చూసింది. రోజూ వస్తారా అని తమిళంలో అడిగింది. రోజూ అని జక్కమ్మ చెప్పింది. ఆ వారంలోనే సస్పెన్షన్ ఎత్తేశారు. శివకాశికి సరుకు కదిలింది. ఆ అయిదుగురికీ కూలి మళ్ళీ వచ్చింది.

నా పని అక్కడితో అయిపోయింది. మిగతాది నేను రిటర్నుల కోసం వెళ్ళినప్పుడల్లా కొంచెం కొంచెంగా చూశాను.

మొదట్లో ఆమె పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేది. వానలు మొదలయ్యాక బస్సు దొరకలేదని ఒక రాత్రి ఉండిపోయింది. తరవాత వారానికి రెండు రాత్రులు. తరవాత ఆదివారం మాత్రమే విరుదునగర్ వెళ్ళేది. సంవత్సరీకం కోవిల్‌పట్టి ఇంట్లోనే చేశారు. గురుసామి వీధిలో పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిండాలు పెట్టడానికి కూడా లోపలికి రాలేకపోయాడు. బావమరిది కొడుకు చేశాడు. ఏడాది తిరిగింది కాబట్టి ఇక విరుదునగర్‌లో పాలు పొంగించుకోవచ్చు. ఆ మాట అతను ఎత్తాడట. "నువ్వు కాంచుకో" అందట ఆమె.

ఇప్పుడు అతను గోడౌన్ వెనకగదిలో తనే వండుకుంటాడు. మూటలు పొద్దున బస్సులో వస్తాయి. పాకం ముదిరిందనో లేతదనో ఆమె ఫోన్ చేసి తిడుతుంది. అంతకు మించి మాటలు లేవు. వాళ్ళు కొట్లాడి విడిపోయినవాళ్ళు కాదు. ఒకరు ఆ ఇంట్లో బతకలేరు. ఇంకొకరు ఆ ఇల్లు వదిలి బతకలేరు. ఎవరో ఒకరు రెండోవాళ్ళ కోసం కొంతకాలం ఓర్చుకునేవాళ్ళేమో. నోటీసు వచ్చింది, నేను దారి చూపించాను, ఆ అవసరం లేకుండా పోయింది.

జక్కమ్మ సర్టిఫికెట్‌లో ఇప్పుడు రెండు చోట్లు ఉన్నాయి. ఎవరు ఎప్పుడు తనిఖీకి వచ్చినా అందులో ఒక్క అక్షరం అబద్ధమని తేల్చలేరు.

అప్పటినుంచి చిరునామా మార్పు కోసం ఎవరు వచ్చినా, కరెంటు బిల్లు అడిగే ముందు ఒక మాట అడుగుతున్నాను: ఇంట్లో అందరూ మారారా? చాలామంది నవ్వి, అందరమూ మారాము సార్ అంటారు. కొందరు జవాబు చెప్పడానికి కొంచెం సేపు తీసుకుంటారు. అంతసేపూ నేను కంప్యూటర్ ముట్టుకోను.