తౌనో తాత బ్రేకు

సరస్సు గడ్డకట్టిందంటే తౌనో తాతకు పండగే. పాత కారులో పక్క సీటు ముందు తనకూ ఒక బ్రేకు బిగించుకుని, ఊలు టోపీ చెవుల మీదికి లాక్కుని కూర్చుంటాడు. ముప్పయ్యేళ్ల కిందట కూతురికి నేర్పినట్టే, ఇప్పుడు మనవరాలు సైమికి ఆ మంచు మీదే డ్రైవింగ్ నేర్పుతున్నాడు. పాఠం కూడా అదే: "జారితే జారనీ, స్టీరింగ్ తిప్పు. బ్రేకు తొక్కినవాళ్లు దిగి ఇంటిదాకా నడవాల్సిందే!"

ఆదివారం మలుపులో కారు జారింది. సైమి స్టీరింగ్ సరిగ్గానే తిప్పింది. అయినా కారు గిర్రున రెండు చుట్లు తిరిగి ఆగింది.

"నేను తొక్కలేదు తాతా! నీ కాలు చూసుకో!"

తాత కిందికి చూశాడు. తన బూటు బ్రేకు మీదే ఉంది.

"మీ అమ్మ కూడా నన్ను ఇక్కణ్ణుంచే నడిపించిందే," అని నవ్వుతూ తలుపు తీసుకుని దిగాడు. టోపీ సర్దుకుని, ఆనాటిలాగే ఒడ్డు వైపు నడక మొదలుపెట్టాడు.