నడిమింటి దూలం

ఖమ్మంలోని మా ఇల్లు తాత కట్టించిన మట్టి మిద్దె. నడిమింటి కప్పును మోసే టేకు దూలాన్ని దుమ్ముగూడెం వైపు అడవి నుంచి తెప్పించారట. దూలం మీద అడ్డకర్రలు, వాటి మీద చెక్కలు, ఆపైన మన్ను. ఏటా తొలకరికి ముందు నాన్న కొత్త చౌడు మన్ను పోయించేవారు. పాతది తీయనిచ్చేవారు కాదు. తీస్తే ఇల్లు కురుస్తుందని ఆయన నమ్మకం. వీధిలో అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజుల్లోనూ మా కప్పు మందమవుతూనే ఉంది.

ఒక వానాకాలం నాన్న పోయారు. నడిమింట్లో ప్రాణం పోయిన చోటే దీపం పెట్టాం. పెద్దకర్మ దాకా అది ఆరకూడదు, దాని దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. అమ్మ కూర్చుంది. ముసురు పట్టింది.

ఒక మధ్యాహ్నం పైన కటుక్కుమంది. తలెత్తి చూస్తే దూలం నడుమ సన్నటి నెర్రె. మిద్దె ఎక్కి గడ్డపార దింపాను. మోకాలి లోతున గాని చెక్క తగల్లేదు. అంతా నీళ్లు తాగిన మన్ను. నా బరువు కూడా దాని మీదే ఉందని అప్పుడు తట్టింది. గడ్డపార అక్కడే వదిలి దిగాను.

పలకరింపుకు వచ్చినవాళ్లంతా ఆ దూలం కిందే కూర్చుంటున్నారు. బాబాయికి చెబితే తేలిగ్గా తీసేశాడు.

"పడితె అందరం ఒక్కతాన పోతం. మల్ల మల్ల కాష్టానికి కట్టెలు తెచ్చే పని తప్పుద్ది."

నేను నవ్వలేదు. నా ముఖం చూసి ఆయనా తలెత్తి చూశాడు.

దీపాన్ని పక్క గదిలోకి మారుద్దామని అమ్మను బతిమాలాను.

"పానం పోయిన జాగ ఇది బిడ్డా. ఆడ పెడితె మీ నాయనకు తోవ ఎట్ల దొరుకుద్ది?"

బాబాయి, నేను కలిసి దూలానికి ఆసరాగా గుంజ తెచ్చాం. నెర్రె కింద నిలపాలంటే సరిగ్గా దీపం ఉన్నచోటే నిలపాలి. అమ్మ ప్రమిదను చేతిలోకి తీసుకుంది. లేవలేదు, గుంజ పట్టేంత మేర జరిగింది. దూలానికీ గుంజకూ మధ్య సందులో చెక్కముక్క పెట్టి బాబాయి కొడుతుంటే దెబ్బదెబ్బకూ మన్ను రాలింది. గుంజ పట్టుకుని ఉన్నాను, వదిలి ఆమెను లాగలేను. బయటికి వెళ్లమన్నాను. కదల్లేదు. ఒక పెళ్ల ఆమె భుజం పక్కనే పడింది. ఖాళీగా ఉన్న చెయ్యి తలకు కాదు, వత్తికి అడ్డం పెట్టుకుంది.

గుంజ బిగిసింది. దాని మొదట్లో అమ్మ దీపం దించింది. పెద్దకర్మ అయ్యేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను. ఆమె దీపాన్ని చూస్తూ ఉండేది, నేను పైకి చూస్తూ ఉండేవాణ్ణి.